పిల్లలకు ఫ్లూ, న్యుమోనియా: ఆసుపత్రిలో ‘ఇమ్యూనిటీ పెంచే చికిత్స’ అంటే ఏంటి? ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

మూడు రోజులుగా జ్వరం, దగ్గు. నాలుగో రోజు రాత్రికి పాప పాలు తాగడం మానేసింది, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టి చేర్చుకున్నారు. తెల్లారేసరికి బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. ‘పాపకు ఇమ్యూనిటీ తక్కువున్నట్టుంది, అది పెంచే ఇంజెక్షన్ ఏదో ఉందట, డాక్టర్‌ను అడగండి’ అని ఒకరు. ‘జింక్, విటమిన్-సి ఎక్కువ ఇమ్మనండి’ అని ఇంకొకరు.

ఫ్లూ సీజన్ వచ్చిందంటే పిల్లల వార్డుల బయట ఈ మాటలు మామూలే. కోవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ’ అనే మాట ఇంటింటికీ చేరింది. దాంతోపాటు దాన్ని పెంచుతామంటూ అమ్మే సిరప్‌లు, పొడులు, చుక్కలు కూడా చేరాయి.

శ్వాసకోశ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన పిల్లలకు రోగనిరోధక శక్తిని పెంచే చికిత్స నిజంగా ఉందా? ఉంటే ఎవరికి ఇస్తారు? దాని కోసం పరిగెత్తేలోపు తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి ఏంటి? ప్రభుత్వం నుంచి ఉచితంగా ఏం అందుతాయి? ఈ కథనంలో చూద్దాం.

ఇమ్యూనిటీ తగ్గడం వల్లే ఫ్లూ వస్తుందా?

చాలామంది పిల్లల విషయంలో కాదు.

ఐదేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా రెండేళ్లలోపు వారికి ఫ్లూ తీవ్రం కావడానికి ప్రధాన కారణం వాళ్ల శరీరం ఆ వైరస్‌ను అంతకుముందు చూసి ఉండకపోవడం. పైగా వాళ్ల శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. పెద్దవాళ్లలో జలుబుతో పోయే వాపు, కాస్త కఫం కూడా పసిపిల్లల గొట్టాల్లో గాలికి అడ్డుపడటానికి సరిపోతుంది. ఆర్ఎస్‌వీ అనే వైరస్‌తో వచ్చే బ్రాంకియోలైటిస్‌లో జరిగేది ఇదే.

కాబట్టి ఒకసారి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినంత మాత్రాన ఆ బిడ్డకు ఇమ్యూనిటీ లేదనుకోకూడదు. నర్సరీకి, అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం కూడా మామూలే.

ఇంకో విషయం. రోగనిరోధక వ్యవస్థ సెల్‌ఫోన్ బ్యాటరీ లాంటిది కాదు, చార్జింగ్ తగ్గితే ఎక్కించుకోవడానికి. అందులో ఒక భాగం శత్రువును గుర్తిస్తుంది, ఒకటి దాడి చేస్తుంది, మరొకటి పని అయిపోయాక దాడిని ఆపుతుంది. తీవ్రమైన ఫ్లూలో కొందరు పిల్లలకు ఈ దాడి అదుపు తప్పి, వైరస్ కంటే వాపే ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీస్తుంది. మరికొందరిలో అదే వ్యవస్థ పూర్తిగా చతికిలపడుతుంది. మొదటి రకం బిడ్డకు ఇమ్యూనిటీని ఇంకా రెచ్చగొడితే ప్రమాదం. రెండో రకం బిడ్డకు దాన్ని అణిచే మందులిస్తే ప్రమాదం. బయటికి మాత్రం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. జ్వరం, ఆయాసం, ఐసీయూ. అందుకే ‘అందరికీ ఒక బూస్టర్’ అనే ఆలోచన వైద్యంలో నిలబడదు.

ఆసుపత్రిలో మొదట ఏం చేస్తారు?

చూడటానికి ఇవన్నీ చాలా మామూలు పనుల్లా ఉంటాయి. ప్రాణం నిలబెట్టేవి మాత్రం ఇవే.

• ఆక్సిజన్: వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌తో స్థాయి చూస్తారు. 90 శాతం కంటే తగ్గితే ఆక్సిజన్ తప్పనిసరి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అవసరమైతే ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో పరికరం, అదీ చాలకపోతే వెంటిలేటర్.

• నీరు, ఆహారం: ఆయాసపడే పసిబిడ్డ పాలు తాగలేదు. సన్నని గొట్టం ద్వారా కడుపులోకి పాలు పంపిస్తారు, లేదా సెలైన్ పెడతారు.

• ముక్కు శుభ్రం చేయడం: ఆరు నెలలలోపు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. సెలైన్ చుక్కలు వేసి కఫం తీస్తే సగం ఆయాసం తగ్గడం వార్డుల్లో తరచూ కనిపించేదే.

• యాంటీబయాటిక్: బ్యాక్టీరియా న్యుమోనియా ఉన్నప్పుడు, లేదా ఉందని గట్టిగా అనుమానం ఉన్నప్పుడు ఇస్తారు. ఒక్క వైరస్ మాత్రమే అయితే దీంతో ఉపయోగం లేదు. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియా కూడా తోడవడం అరుదు కాదు. అందుకే తగ్గిన జ్వరం రెండు మూడు రోజులకు మళ్లీ తిరగబెడితే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

ఇక ఫ్లూకు నేరుగా పనిచేసే మందు ఒసెల్టామివిర్.

ఒసెల్టామివిర్: సమయం ఎందుకంత ముఖ్యం?

ఇది ఇమ్యూనిటీని పెంచదు. ఫ్లూ వైరస్ ఒక కణం నుంచి మరో కణానికి పాకకుండా అడ్డుకుంటుంది. అలా శరీరం తన పని తాను చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ ప్రయోజనం. అయితే ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బు చేసిన బిడ్డకు 48 గంటలు దాటిపోయినా ఇవ్వాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫ్లూ అని గట్టిగా అనుమానం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగాల్సిన అవసరం కూడా లేదు.

పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. మామూలుగా రోజుకు రెండుసార్లు చొప్పున ఐదు రోజులు ఇస్తారు. కొందరికి వాంతులు అవుతాయి.

కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ రోగులను మూడు వర్గాలుగా చూడమని చెప్పింది.

• ‘ఏ’ వర్గం: కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి. పరీక్ష అక్కర్లేదు, ఒసెల్టామివిర్ కూడా అక్కర్లేదు. ఇంట్లోనే ఉంచి గమనించాలి.

• ‘బి’ వర్గం: ఎక్కువ జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి ఉన్నవాళ్లు, ఫ్లూ లక్షణాలున్న చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు. వీరికి డాక్టర్ చూసి ఒసెల్టామివిర్ ఇవ్వొచ్చు.

• ‘సి’ వర్గం: ఆయాసం, ఛాతీనొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం, పిల్లల్లో అయితే తిండి మానేయడం, ఊరుకోబెట్టలేనంత చిరాకు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి, పరీక్ష చేయాలి, చికిత్స మొదలుపెట్టాలి.

ఒసెల్టామివిర్ ఒకప్పుడు కఠిన నియంత్రణలున్న షెడ్యూల్ ఎక్స్ జాబితాలో ఉండేది. 2017లో దాన్ని షెడ్యూల్ హెచ్1లోకి మార్చారు. దాంతో డాక్టర్ చీటీ ఉంటే మామూలు మెడికల్ షాపుల్లోనూ దొరుకుతోంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఇది ఫ్లూకు మాత్రమే పనిచేస్తుంది. ఆర్ఎస్‌వీ మీద, మామూలు జలుబు మీద పనిచేయదు.

‘ఇమ్యూనిటీ ఇంజెక్షన్’ అంటే ఏది?

జనం ఈ పేరుతో చెప్పుకునేది ఎక్కువగా ఐవీఐజీ గురించి. అంటే నరం ద్వారా ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్. వేలాది మంది రక్తదాతల ప్లాస్మా నుంచి యాంటీబాడీలను వేరుచేసి దీన్ని తయారుచేస్తారు.

దీని కథ 1952లో మొదలైంది. ఒక ఎనిమిదేళ్ల బాబుకు పదే పదే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు వస్తుంటే, అమెరికా సైన్యంలో పిల్లల డాక్టర్‌గా ఉన్న ఆగ్డెన్ బ్రూటన్ ఆ బాబు రక్తంలో గామా గ్లోబులిన్ అసలు లేదని కనిపెట్టారు. బయటి నుంచి దాన్ని ఎక్కించగా ఇన్ఫెక్షన్లు ఆగాయి. పుట్టుకతో యాంటీబాడీలు తయారుకాని పిల్లలకు ఈనాటికీ ఇదే చికిత్స. మూడు నాలుగు వారాలకోసారి జీవితాంతం తీసుకోవాల్సి ఉంటుంది.

మరికొన్ని జబ్బుల్లోనూ ఐవీఐజీ ప్రాణాలు కాపాడుతుంది. ఉదాహరణకు కవాసాకి జబ్బు. ఐదు రోజులకు మించి జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, ఒంటి మీద దద్దుర్లు దీని లక్షణాలు. చికిత్స చేయకపోతే ప్రతి నలుగురిలో ఒకరికి గుండె రక్తనాళాలు ఉబ్బే ప్రమాదం ఉంటుంది. పది రోజుల్లోపు ఐవీఐజీ ఇస్తే ఆ ప్రమాదం దాదాపు 5 శాతానికి పడిపోతుంది. కోవిడ్ తర్వాత కొందరు పిల్లల్లో కనిపించిన ఎంఐఎస్-సికి, గులియన్ బారీ సిండ్రోమ్‌కు కూడా దీన్ని వాడారు, వాడుతున్నారు. గమనించాల్సింది ఏంటంటే, ఈ జబ్బుల్లో ఐవీఐజీ చేసేది ఇమ్యూనిటీని పెంచడం కాదు. అదుపు తప్పిన ఇమ్యూనిటీని శాంతపరచడం.

మరి ఫ్లూకు? ఫ్లూ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న ప్రత్యేక ఐవీఐజీని ఆసుపత్రిలో చేరిన పెద్దలకు ఇచ్చి పలు దేశాల్లో పరిశీలించారు. ఆ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు చికిత్సకు దీన్ని జోడిస్తే మొత్తం మీద అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఇమ్యూనిటీ లోపం లేని పిల్లలకు ఫ్లూ లేదా వైరల్ న్యుమోనియా వస్తే ఐవీఐజీ ఇవ్వాలని ప్రధాన మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు.

ఇది ఖరీదైన మందు. కవాసాకి మోతాదు ప్రకారం 10 కిలోల బిడ్డకు 20 గ్రాములు కావాలి. అంటే 5 గ్రాముల వయల్స్ నాలుగు. ఒక్కో వయల్ ధర వేలల్లో ఉంటుంది. తలనొప్పి, జ్వరం, అలర్జీ వంటి దుష్ప్రభావాలు రావొచ్చు. ఐవీఐజీ తీసుకున్న తర్వాత కొన్ని నెలల పాటు తట్టు, ఆటలమ్మ వంటి టీకాలు సరిగా పనిచేయవు, వాటిని వాయిదా వేయాల్సి వస్తుంది.

అలాగని డాక్టర్ ఐవీఐజీ రాసినంత మాత్రాన అనుమానపడాల్సిన పని లేదు. వైరస్ వల్ల గుండె కండరం వాచినప్పుడు, కవాసాకి అనుమానం ఉన్నప్పుడు నిపుణులు దీన్ని ఎంచుకోవచ్చు. ‘ఏ జబ్బు కోసం ఇస్తున్నారు?’ అని అడగండి. ‘ఇమ్యూనిటీ కోసం’ అనేది సరిపడే జవాబు కాదు. దానికి ఒక జబ్బు పేరు ఉండాలి.

జింక్, విటమిన్ సిరప్‌ల సంగతి?

• విటమిన్-ఏ: తట్టు వచ్చిన పిల్లలకు ఇది తప్పనిసరి. వరుసగా రెండు రోజులు వయసును బట్టి మోతాదు ఇస్తే మరణాలు తగ్గుతాయి. తట్టుతో సంబంధం లేని న్యుమోనియాలో మాత్రం విటమిన్-ఏ వల్ల మేలు కనిపించలేదు.

• జింక్: విరేచనాలు అవుతున్న పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మందు ఇది. న్యుమోనియా చికిత్సలో దీన్ని జోడిస్తే త్వరగా కోలుకుంటారని నమ్మకంగా చెప్పే ఆధారాలు లేవు.

• విటమిన్-డి: అఫ్గానిస్తాన్‌లోని కాబూల్‌లో సుమారు 3,000 మంది పసిపిల్లలతో చేసిన ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. మూడు నెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చినా న్యుమోనియా రావడం తగ్గలేదు. విటమిన్-డి లోపం ఉంటే ఎముకల కోసం సరిచేయాల్సిందే. దాన్ని న్యుమోనియా మందు అనుకోవద్దు.

• విటమిన్-సి: మామూలు జలుబు కొన్ని గంటలు ముందు తగ్గొచ్చేమో. ఆక్సిజన్ మీదున్న బిడ్డకు ఇది చికిత్స కాదు.

• బ్యాక్టీరియా లైసేట్లు: చంపేసిన బ్యాక్టీరియా ముక్కలతో చేసిన ఈ మందులను ‘ఇమ్యూనిటీ శిక్షణ’ పేరుతో అమ్ముతుంటారు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2019లో వీటిని సమీక్షించింది. పదే పదే వచ్చే శ్వాస ఇన్ఫెక్షన్ల నివారణకు మాత్రమే వాడాలని, ఇప్పటికే వచ్చిన ఇన్ఫెక్షన్‌కు చికిత్సగా గానీ, న్యుమోనియా నివారణకు గానీ వాడకూడదని తేల్చింది.

ఇక దగ్గు, జలుబు సిరప్‌లు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయిన తర్వాత కేంద్రం మరోసారి హెచ్చరించింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయరు. ఫ్లూ జ్వరానికి ఆస్పిరిన్ అసలు ఇవ్వొద్దు. పిల్లల్లో కాలేయం, మెదడు దెబ్బతినే రేయీ సిండ్రోమ్‌కు అది దారితీయొచ్చు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు.

స్టెరాయిడ్లు ఎందుకు ఇస్తారు, ఎందుకు ఇవ్వరు?

స్టెరాయిడ్లు ఇమ్యూనిటీని అణుస్తాయి. గొంతులో వాపుతో కుక్క మొరిగినట్టు దగ్గు వచ్చే క్రూప్‌లో ఒక్క డోసు డెక్సామెథసోన్ బాగా పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్న బిడ్డకు ఫ్లూ వచ్చి పిల్లికూతలు మొదలైతే స్టెరాయిడ్ కావాల్సి రావచ్చు. కానీ మామూలు ఫ్లూ న్యుమోనియాలో వీటిని అలవాటుగా వాడొద్దన్నది నిపుణుల సూచన. ఇన్ఫెక్షన్ ముదిరే ప్రమాదం ఉంటుంది. పసిపిల్లల బ్రాంకియోలైటిస్‌లోనూ వీటితో లాభం లేదు.

అయితే ఇమ్యూనిటీని నిజంగా లేపే మందు ఏదీ లేదా?

ఉంది. పరిశోధన దశలో.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌కు చెందిన డాక్టర్ మార్క్ హాల్ బృందం ఐసీయూలో ఉన్న పిల్లల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. బిడ్డ రక్తపు చుక్కలను పరీక్షనాళికలో బ్యాక్టీరియా పదార్థంతో కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్న తెల్ల రక్తకణాలు వెంటనే టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. కొందరు పిల్లల కణాలు మాత్రం స్పందించవు. దీన్నే ఇమ్యునోపరాలసిస్ అంటున్నారు. అంటే రోగనిరోధక వ్యవస్థకు పక్షవాతం వచ్చినట్టు.

ఫ్లూతో ఐసీయూలో చేరిన పిల్లల మీద పలు ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనాన్ని ఈ బృందం 2013లో ప్రచురించింది. చనిపోయిన పిల్లల్లో ఈ స్పందన, బతికిన వారితో పోలిస్తే చాలా తక్కువగా ఉన్నట్టు తేలింది. ఒళ్లంతా వాపు కనిపిస్తున్నా, లోపల ఆ కణాలు పోరాడే స్థితిలో లేవు.

ఇలాంటి పిల్లల కోసం పరిశీలిస్తున్న మందు జీఎం-సీఎస్ఎఫ్. కీమోథెరపీ తర్వాత తెల్ల రక్తకణాలు పెరగడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. చిన్న ట్రయల్‌లో దీన్ని ఇచ్చినప్పుడు కణాల స్పందన త్వరగా తిరిగొచ్చింది, ఆసుపత్రిలో వచ్చే కొత్త ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. దాంతో ఇన్ఫెక్షన్ వల్ల పలు అవయవాలు దెబ్బతిన్న పిల్లల కోసం ‘ప్రిసైజ్’ పేరుతో పెద్ద పరిశోధన చేపట్టారు. ఇందులో ముందు రక్తపరీక్ష చేస్తారు. ఇమ్యూనిటీ చతికిలపడిన పిల్లలను జీఎం-సీఎస్ఎఫ్ ట్రయల్‌లోకి, వాపు అదుపు తప్పిన పిల్లలను అనకిన్రా అనే అణిచే మందు ట్రయల్‌లోకి తీసుకుంటారు.

అంటే కొలిచి చూసిన తర్వాతే మందు, అదీ ఐసీయూలో అవయవాలు దెబ్బతింటున్న పిల్లలకు. వార్డులో ఆక్సిజన్ పెట్టుకుని కోలుకుంటున్న బిడ్డకు కాదు. ఇక్కడి ఆసుపత్రుల్లో ఇది మామూలు చికిత్సలో భాగం కాదు. ఎవరైనా ‘అమెరికాలో వాడుతున్న ఇమ్యూనిటీ మందు’ అని చెబితే, అది ఇంకా ట్రయల్స్‌లో ఉన్నదని గుర్తుపెట్టుకోవాలి.

ఆర్ఎస్‌వీకి యాంటీబాడీ ఇంజెక్షన్

యాంటీబాడీలను ముందే ఇచ్చి జబ్బు రాకుండా చూడటం మాత్రం ఆర్ఎస్‌వీ విషయంలో ఫలించింది. నిర్సెవిమాబ్ అనే ఇంజెక్షన్‌ను సీజన్‌కు ముందు పసిబిడ్డకు ఒక్కసారి ఇస్తే నెలల తరబడి రక్షణ ఉంటుంది. దీనికి యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో 2023-24 సీజన్‌లో దీన్ని పసిపిల్లలందరికీ ఉచితంగా ఇవ్వగా, ఆర్ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరడం 80 శాతానికి పైగా తగ్గింది. గర్భిణులకు ఇచ్చే ఆర్ఎస్‌వీ టీకా కూడా ఉంది. తల్లి యాంటీబాడీలు మావి ద్వారా బిడ్డకు చేరతాయి.

ఇది నివారణ మాత్రమే. ఆర్ఎస్‌వీ వచ్చాక ఇస్తే జబ్బు తగ్గదు. మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు. అమెరికా, యూరప్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలు మాత్రం కాన్పుకు ముందే తమ డాక్టర్‌ను దీని గురించి అడగడం మంచిది.

నిజంగా ఇమ్యూనిటీ లోపం ఉందని ఎప్పుడు అనుమానించాలి?

కొద్దిమంది పిల్లలకు పుట్టుకతోనే ఈ లోపం ఉంటుంది. దాన్ని ‘మాటిమాటికీ జలుబే కదా’ అని వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా పాడవుతాయి. కిందివాటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పిల్లల డాక్టర్‌కు చెప్పండి.

• ఏడాదిలో రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు న్యుమోనియా
• ఏడాదిలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు చెవి ఇన్ఫెక్షన్
• రెండు నెలలు యాంటీబయాటిక్స్ వాడినా పెద్దగా గుణం లేకపోవడం
• బరువు, ఎత్తు పెరగకపోవడం
• చర్మం లోపల, అవయవాల్లో పదే పదే చీముగడ్డలు
• ఏడాది దాటాక కూడా నోట్లో తెల్లపూత తగ్గకపోవడం
• కుటుంబంలో ఇమ్యూనిటీ లోపం ఉండటం, లేదా చిన్న వయసులోనే పిల్లలు ఇన్ఫెక్షన్లతో చనిపోయి ఉండటం

చివరిది చాలా ముఖ్యం. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో ఇలాంటి జన్యు లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. మొదటి బిడ్డ నెలల వయసులో పోయి ఉంటే, ఆ సంగతి రెండో బిడ్డను చూసే డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

పరీక్ష రక్తకణాల లెక్క, ఇమ్యునోగ్లోబులిన్ల స్థాయితో మొదలవుతుంది. తీవ్రమైన లోపం ఉన్న కొందరికి మూలుగ మార్పిడి అవసరం. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఇలాంటి కొన్ని లోపాలు ఉన్నాయి. గుర్తింపు పొందిన కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీతో కలిసి నిమ్స్ ఈ జాబితాలో ఉంది.

ఉచితంగా దొరికే అసలైన ‘ఇమ్యూనిటీ’

మార్కెట్లో ఏ సీసా చేయలేని పనిని టీకాలు చేస్తాయి. వీటిలో చాలా వరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అర్బన్ హెల్త్ సెంటర్లు, అంగన్‌వాడీల్లో జరిగే టీకా రోజుల్లో ఉచితం.

• పెంటావాలెంట్: 6, 10, 14 వారాలకు. ఇందులో కోరింత దగ్గు, హిబ్ బ్యాక్టీరియా నుంచి రక్షణ ఉంది.
• న్యుమోకోకల్ టీకా: 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు. 2021లో దీన్ని దేశమంతటా విస్తరించారు. ప్రైవేటులో వేలు ఖర్చయ్యే టీకా ఇది.
• తట్టు-రుబెల్లా: 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి.
• విటమిన్-ఏ: 9 నెలల నుంచి ఐదేళ్ల వరకు మొత్తం 9 డోసులు.

ఫ్లూ టీకా ఈ జాబితాలో లేదు, డబ్బు కట్టి వేయించుకోవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఏటా వేయించాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. మన దేశంలో ఫ్లూ జనవరి-మార్చి మధ్య ఒకసారి, వానాకాలం తర్వాత మరోసారి పెరుగుతుంది. వానలు మొదలయ్యేలోపు వేయించుకుంటే మంచిది. ఆరు నెలలలోపు బిడ్డకు ఈ టీకా వేయరు. కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకోవడమే ఆ బిడ్డకు రక్షణ.

వీటికి తోడు ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఇంట్లో బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి పొగ లేకుండా చూడటం. ఈ రెండూ న్యుమోనియాను తగ్గిస్తాయని ఆధారాలున్నాయి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది బట్ట తీసి, ఒక పూర్తి నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి.

• 2 నెలలలోపు: నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ
• 2 నుంచి 12 నెలలు: 50 లేదా అంతకంటే ఎక్కువ
• ఏడాది నుంచి ఐదేళ్లు: 40 లేదా అంతకంటే ఎక్కువ

ఇంత వేగం ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. డొక్కలు లోపలికి పోవడం, మూలగడం, పెదవులు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, మగతగా ఉండటం, ఫిట్స్ కనిపిస్తే నిమిషం కూడా ఆగొద్దు. 108కు ఫోన్ చేయండి. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే చాలు, వెంటనే చూపించాలి.

హైదరాబాద్‌లో నీలోఫర్, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో రుయా, గుంటూరు జీజీహెచ్ వంటి పెద్దాసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి. ప్రైవేటులో చేర్చేటప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ చికిత్స వస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు.

డాక్టర్‌ను ఏం అడగాలి?

1. ఇది ఫ్లూనా, ఆర్ఎస్‌వీనా, బ్యాక్టీరియా న్యుమోనియానా? ఎలా తెలిసింది?
2. ఫ్లూ అనుమానం ఉంటే ఒసెల్టామివిర్ మొదలుపెట్టారా?
3. యాంటీబయాటిక్ ఇస్తుంటే ఎందుకు, ఎన్ని రోజులు?
4. ఐవీఐజీ, స్టెరాయిడ్ రాస్తే ఏ జబ్బు కోసం? ఇవ్వకపోతే ఏమవుతుంది?
5. ఇంటికి పంపేటప్పుడు రాసిన సిరప్‌లలో తప్పనిసరి ఏవి, మానేయగలిగేవి ఏవి?

ఇలా అడగడం డాక్టర్‌ను తప్పుపట్టడం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయాలని 2019లో కేంద్రం రాష్ట్రాలను కోరింది. జబ్బు, చికిత్స వివరాలు తెలుసుకోవడం, రికార్డుల కాపీలు, వివరమైన బిల్లు తీసుకోవడం, మరో డాక్టర్ అభిప్రాయం అడగడం, మందులను నచ్చిన లైసెన్సు ఉన్న షాపులో కొనడం ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఈసారి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ‘ఇమ్యూనిటీ ఇంజెక్షన్’ గురించి మెసేజ్ వస్తే, బదులుగా ఒక ప్రశ్న పంపండి. ‘మన పిల్లల టీకా కార్డులో న్యుమోకోకల్ గడి నిండిందా?’ నిండకపోతే, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో టీకా ఏ రోజు వేస్తారో ఆశా కార్యకర్తను లేదా ఏఎన్ఎంను అడిగితే చెబుతారు.